ముందు మాట పోయింది, తర్వాత పేరు

2008 ఆగస్టులో జాండ్రోస్ అనే లినక్స్ కంపెనీ ఒక చిన్న ప్రకటన చేసింది. నెల కిందట తాను కొన్న లిన్‌స్పైర్ ఆపరేటింగ్ సిస్టమ్ ఇక ఉండదని, దాన్ని వాడుతున్నవాళ్లు జాండ్రోస్‌కి మారాలని దాని సారాంశం. పెద్ద అక్షరాల శీర్షికలు లేవు, సంతాప సభలు లేవు. పోయినదానికి ఒకప్పుడు లిండోస్ అనే పేరుండేదని, ఆ పేరు విని మైక్రోసాఫ్ట్ అంతటిది ఉలిక్కిపడి కోర్టు గడప తొక్కిందని గుర్తుచేసుకున్నవాళ్లు కొద్దిమందే.

చివర ఏమైందో మొదటే తెలిశాక కథలో ఉత్కంఠ మిగలదు. మిగిలేది బెంగ. ప్రతి మలుపు దగ్గరా "ఇక్కడైనా ఒక్క క్షణం ఆగి ఉంటే" అని మనసు కొట్టుకుంటుంది. కథ మాత్రం ఆగదు.

అది 2001. ఇంటి కంప్యూటర్ అంటే దాదాపుగా విండోసే అయిన కాలం. మైక్రోసాఫ్ట్‌ని రెండుగా చీల్చాలని 2000లో కింది కోర్టు ఆదేశించింది. మరుసటి ఏడు జూన్‌లో అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. గుత్తాధిపత్యం సడలుతుందని ఆశపడ్డవాళ్ల కళ్లముందే అది మళ్లీ బిగిసింది.

అందరూ విండోస్ మీద మోజుతోనే దాన్ని పట్టుకుని ఉండలేదు. దుకాణం లెక్కలు రాసుకునే ప్రోగ్రామ్ అందులోనే నడిచేది. ఉద్యోగానికి పంపే దరఖాస్తు వర్డ్‌లోనే ఉండేది. పిల్లలు ముచ్చటపడి కొనిపించుకున్న ఆట సీడీ అక్కడే తెరుచుకునేది. లినక్స్ ఉచితం. దాని కోడ్ ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. ఇంత ఉదారంగా పిలిచే లినక్స్‌లోకి రావాలంటే మాత్రం, ఏళ్లతరబడి కూడబెట్టుకున్న ఆ ప్రోగ్రాములన్నిటినీ వదులుకోవాలి. చాలామంది వదులుకోలేకపోయారు. వాళ్లని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

అలాంటి రోజుల్లో శాన్ డియేగోలో మైకేల్ రాబర్ట్‌సన్ లిండోస్ పెట్టాడు. అంతకుముందు ఎంపీ3.కామ్ అనే పాటల వెబ్‌సైటు స్థాపించినవాడు అతనే. పాటల కంపెనీల దావాల్లో నలిగి, ఒక్క యూనివర్సల్ మ్యూజిక్‌కే 5.34 కోట్ల డాలర్లు చెల్లించుకుని, చివరికి 2001లో ఆ సంస్థని వివెండీ యూనివర్సల్‌కి దాదాపు 37 కోట్ల డాలర్లకు అమ్మినవాడు. చేతిలో డబ్బుంది. కోర్టులంటే బెదురు పోయింది. ఇక అతను ఇచ్చిన మాట చిన్నది, ఎవరికైనా ఇట్టే అర్థమయ్యేది: మీ విండోస్ ప్రోగ్రాములు ఈ లినక్స్ మీద నడుస్తాయి. సగం లినక్స్, సగం విండోస్ కలిపి పెట్టిన పేరులోనే ఆ మాట వినబడేది.

ఆ మాటకి ఆధారం వైన్. 1993 నుంచి ఎక్కడెక్కడి ప్రోగ్రామర్లో తీరిక వేళల్లో కలిసి రాసుకుంటూ వచ్చిన ఓపెన్ సోర్స్ పని అది. విండోస్ ప్రోగ్రామ్ ఒకటి ఫైలు తెరవమంటుంది, తెర మీద గీత గీయమంటుంది, అక్షరాన్ని ఫలానా కొలతలో చూపమంటుంది. అడిగేది విండోస్‌ని అనుకునే అడుగుతుంది. వైన్ మధ్యలో దుబాసీలా నిలబడి ఆ కోరికని లినక్స్‌కి తెలిసిన పలుకులోకి మార్చి, వచ్చిన జవాబుని మళ్లీ విండోస్ యాసలో వినిపించాలి. అలాంటి కోరికలు వేల రకాలు. కొన్నిటికి రాతపూర్వక వివరణే లేదు. కొన్నిచోట్ల విండోస్‌లో ఉన్న పొరపాటుని కూడా ఉన్నది ఉన్నట్టు చేసి చూపాలి, ఎందుకంటే ఆ పొరపాటుని నమ్ముకుని రాసిన ప్రోగ్రాములున్నాయి. వెయ్యి జవాబులు సరిగ్గా చెప్పి ఒక్కటి తప్పితే, ప్రోగ్రామ్ ఉన్నచోటే కూలబడుతుంది. మైక్రోసాఫ్ట్ కోడ్‌ని కన్నెత్తి చూడకుండా, దాని నడవడిని మాత్రమే గమనిస్తూ, ఇదంతా బయటినుంచే కట్టాలి. ఎంత ఓర్పు కావాలో ఊహించండి. ఇదే ఆశతో విండోస్ లాంటి వ్యవస్థ మొత్తాన్నే మొదటినుంచి రాయాలని 1996లో మొదలై, తర్వాత రియాక్ట్‌ఓఎస్‌గా పేరు మార్చుకున్న బృందం దశాబ్దాలు దాటినా తన పనిని ఆల్ఫా అనే పిలుచుకుంటోంది. ఈ దారిలో తొందరకి తావులేదు. లిండోస్‌కి ఉన్నదంతా తొందరే.

2001 డిసెంబరులో, అమ్మడానికి సరుకింకా సిద్ధం కాకముందే, మైక్రోసాఫ్ట్ సియాటెల్ ఫెడరల్ కోర్టులో దావా వేసింది. లిండోస్ అన్న పేరు మా విండోస్ ట్రేడ్‌మార్క్‌ని దెబ్బతీస్తోంది, ఆపించండి అన్నది. దావా వేసింది పేరు మీదే గానీ ఇచ్చిన మాట మీద కాదని మనకి ఇప్పుడు స్పష్టంగా కనబడుతోంది. బహుశా మాట సంగతి కాలమే చూసుకుంటుందని వాళ్లకి తెలుసేమో.

ఆ తర్వాత వచ్చింది 2002 మార్చి. ఈ గాథ మొత్తంలో తలచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమనే నెల అదే.

ఆ నెలలో న్యాయమూర్తి మైక్రోసాఫ్ట్ కోరిన తాత్కాలిక నిషేధానికి ఒప్పుకోలేదు. విండోస్ అనేది ఒకరి సొత్తుగా ఉండదగ్గ పేరా, లేక అందరూ వాడుకునే మామూలు మాటా అన్నదే గట్టిగా తేలవలసిన ప్రశ్న అన్నాడు. ఆ పేరుని ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయడానికి అమెరికా అధికారులే 1993లో నిరాకరించి, 1995లో గానీ ఒప్పుకోలేదు. దావా వేసిన బలవంతుడి కాళ్లకిందే నేల కదిలింది. అదే మార్చిలో వైన్ రచయితలు తమ తొలి సమావేశానికి శాన్ డియేగోలో కలుసుకున్నారు. ఆతిథ్యం ఇచ్చింది లిండోస్. అదే మార్చిలో వైన్ తన లైసెన్సు మార్చుకుంది. కోడ్ తీసుకుని పంచేవాళ్లు దానికి పెట్టిన మెరుగులు తిరిగి అందరికీ అందాలన్న నియమం చేరింది. అదే మార్చిలో కోడ్‌వీవర్స్ అనే చిన్న సంస్థ, వైన్ ఆధారంగా మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌ని లినక్స్ మీద నడిపించే క్రాస్ఓవర్ ఆఫీస్‌ని విడుదల చేసింది. డబ్బు, ధైర్యం, పనిమంతులు, న్యాయస్థానం ఇచ్చిన ఊపిరి, అన్నీ ఒక్క నెలలో ఒక్కచోటికి చేరాయి. మాట నిలబడడానికి అంతకన్నా మంచి ఘడియ లిండోస్‌కి మళ్లీ రాలేదు.

ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు. ముందుగా చూడనిచ్చిన కూర్పుల్లో కొన్ని ప్రోగ్రాములు నడిచాయి, చాలా నడవలేదు. కోరుకున్న వేగంతో వైన్ ఎదగలేదు, ఎదగడం దాని చేతిలో కూడా లేదు. ఆ ఏడాది గడవకముందే విండోస్ ప్రోగ్రాముల ఊసు కంపెనీ మాటల్లోంచి మెల్లగా జారిపోయింది. మాకు అది ముఖ్యం కాదు, లినక్స్‌లోనే కావలసినన్ని మంచి ప్రోగ్రాములున్నాయి అన్న ధోరణి మొదలైంది. వ్యాపారం లెక్కలో అది తెలివైన నిర్ణయం కూడా. ఒక కంపెనీ అమ్ముడుపోయే దారి వెతుక్కోవడంలో పాపం ఏముంది? కానీ మాట వెనక్కి తీసుకుంటున్నామని ఎవరూ గట్టిగా అనలేదు. ఇచ్చినంత బాహాటంగా దాన్ని వెనక్కి తీసుకోలేదు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది, తాను దేని గురించి పుట్టిందో ఆ సంగతిని లోపల ఖాళీ చేసుకుని.

ఆ శరత్తులో వాల్‌మార్ట్ తన వెబ్‌సైట్‌లో లిండోస్ వేసిన మైక్రోటెల్ కంప్యూటర్‌ని 199 డాలర్లకు అమ్మింది. 800 మెగాహెర్ట్జ్ వయా ప్రాసెసర్, 128 ఎంబీ మెమరీ, 10 జీబీ డిస్కు. మానిటర్ విడిగా కొనుక్కోవాలి. అప్పటిదాకా కంప్యూటర్ కొనలేకపోయిన ఇళ్లని ఉద్దేశించిన ధర అది. ఆ పెట్టెని ఇంటికి తెచ్చుకున్న ఒక తల్లిని ఊహించుకోండి. పేరు చూసి, విండోస్ లాంటిదేగా అనుకుని, పిల్లవాడి ఆట సీడీ అందులో పెట్టి, తెర వంక చూస్తూ కూర్చున్న తల్లిని. ఈ గాథలో మనం దుఃఖించవలసింది ఎవరి కోసమో అక్కడ తెలుస్తుంది. పెద్ద కంపెనీతో తలపడ్డ వ్యాపారి తట్టుకోగలడు. పేరుని నమ్మిన ఆమెకి జవాబు చెప్పినవాళ్లు లేరు.

అయినా లిండోస్‌ని తేలిగ్గా తీసిపారేయలేం. మాట వదిలేశాక కూడా దాని చేతిలో మంచి పని ఉంది. క్లిక్ ఎన్ రన్ అని ఒక ఏర్పాటు తెచ్చింది. లినక్స్‌లో ప్రోగ్రామ్ వేసుకోవడమంటే ఆదేశాలు టైపు చేస్తూ, ఒకదానికి కావలసిన మరొకదాన్ని వెతుక్కుంటూ మామూలు మనిషి హడలిపోయే రోజుల్లో, ఒక జాబితా తెరిచి, నచ్చినదాని మీద ఒక్కసారి నొక్కితే అదే దిగి, అదే అమరి, వాడుకకి సిద్ధమయ్యేది. ఇవాళ ఫోనులో మనం ఆలోచించకుండా చేసే పనిని 2002లోనే ఒక చిన్న కంపెనీ బల్లమీది కంప్యూటర్‌లో చేసి చూపించింది. వెబ్‌పేజీలు తయారుచేసుకునే ఎన్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌కి డబ్బు పెట్టింది. పండితుల కోసం కాకుండా పక్కింటివాళ్ల కోసం లినక్స్‌ని మలచాలని మనసారా తపించింది.

ఆ తపనే దానికి సొంతవాళ్ల దగ్గర చెడ్డపేరూ తెచ్చింది. వాడేవాళ్లకి అడ్డు ఉండకూడదని, యంత్రం మీద సర్వాధికారాలున్న రూట్ ఖాతాతోనే అందరినీ లోపలికి రానిచ్చింది. భద్రత తెలిసినవాళ్లు తలలు పట్టుకున్నారు. లినక్స్ లైసెన్సు అయిన జీపీఎల్ ప్రకారం ఇవ్వవలసిన సోర్స్ కోడ్ తొలి కూర్పులతో ఎందుకు ఇవ్వలేదని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ప్రశ్నించింది. అందరిదీ అయిన కోడ్‌కి క్లిక్ ఎన్ రన్ పేరుతో ఏడాది చందా ఏమిటని లినక్స్ అభిమానులు గొణిగారు. విండోస్ వాళ్లకి అది విండోస్ కాలేదు, లినక్స్ వాళ్లకి అది లినక్స్ అనిపించలేదు. కష్టకాలంలో అండగా నిలవవలసిన ఆత్మీయులు దానికి అలా కరువయ్యారు.

అప్పటికే కంపెనీ బలమంతా పేరు కోసం నడుస్తున్న వ్యాజ్యం వైపు మళ్లింది. అమెరికాలో ఎదురుగాలి వీస్తోందని గ్రహించిన మైక్రోసాఫ్ట్ ఐరోపాకి వెళ్లింది. స్వీడన్, ఫిన్లండ్ కోర్టులు లిండోస్ పేరుని ఆపాయి. 2004 జనవరిలో ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు బెల్జియం, నెదర్లండ్స్, లక్సెంబర్గ్‌లలో ఆ పేరుతో అమ్మకూడదంది. వెబ్‌సైటు అక్కడివాళ్లకి కనబడినా రోజుకి లక్ష యూరోల జరిమానా వేయమని మైక్రోసాఫ్ట్ అడిగింది. రాబర్ట్‌సన్ పంతం కొద్దీ పేరు మధ్యలో అక్షరాలు తీసేసి గీతలు పెట్టాడు, దాన్ని లిన్‌డాష్ అని పలకమన్నాడు. ఆ చమత్కారానికి అప్పట్లో చాలామంది నవ్వారు. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రాదు. 2004 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా పేరు మారింది. లిండోస్ లిన్‌స్పైర్ అయింది.

ఆ పేరు మార్పుకి రెండు నెలల ముందే అమెరికాలో తలుపు తెరుచుకోవడం ఈ కథలోని రెండో గుండెకోత. 2004 ఫిబ్రవరిలో సియాటెల్ న్యాయమూర్తి జ్యూరీకి పెట్టవలసిన ప్రశ్నని ఖరారు చేశాడు. 1985 నవంబరులో మైక్రోసాఫ్ట్ తన తొలి విండోస్‌ని విడుదల చేయకముందు ఆ మాట కంప్యూటర్ రంగంలో అందరి మాటేనా కాదా, జ్యూరీ అది చూడాలి అన్నాడు. తెరమీద కిటికీలు తెరవడం జిరాక్స్ పరిశోధనశాలలో 1970లలోనే ఉంది. ప్రశ్న అలా అడిగితే జవాబు ఎటు మొగ్గుతుందో ఇరుపక్షాలకీ తెలుసు. మార్చిలో మొదలవవలసిన విచారణ మైక్రోసాఫ్ట్ అప్పీలుతో ఆగింది. ఈలోగా లిన్‌స్పైర్ షేర్లు జనానికి అమ్మి 5.75 కోట్ల డాలర్లు సమీకరిస్తామని దరఖాస్తు పెట్టింది. షేర్లు కొనేవాళ్లకి దావాల నీడ నచ్చదు. జూలైలో రాజీ కుదిరింది. లిండోస్ పేరుని, ఆ పేరుతో ఉన్న వెబ్ చిరునామాలని లిన్‌స్పైర్ వదులుకుంటుంది. బదులుగా మైక్రోసాఫ్ట్ 2 కోట్ల డాలర్లు చెల్లిస్తుంది.

దావా వేసినవాడే ఎదుటివాడికి డబ్బిచ్చి దావా ముగించుకోవడం వింత. లిండోస్ గెలిచిందని చాలామంది అన్నారు. డబ్బు లెక్కలో గెలిచింది. కానీ జ్యూరీ ముందుకి ఆ ప్రశ్న వెళ్లనే లేదు. ఒక మామూలు మాట అందరిదని ఒక న్యాయస్థానం తీర్పు చెప్పే అవకాశం, లిన్‌స్పైర్ సంతకంతో ఆ జూలైలో అంతమైంది. షేర్ల అమ్మకం కూడా జరగలేదు. మార్కెట్ బాగోలేదని కొన్ని వారాలకే వాయిదా వేశారు, ఆ వాయిదా మళ్లీ తీరలేదు. ఏ షేర్ల కోసం తీర్పుని వదులుకున్నారో ఆ షేర్లూ దక్కలేదు.

అక్కడినుంచి కథ త్వరగా నడుస్తుంది, దుఃఖం ముదిరాక రోజులు త్వరగా గడిచినట్టు. 2005లో లిన్‌స్పైర్ ఐదో కూర్పు వచ్చింది. ఆ ఏడాదే రాబర్ట్‌సన్ పగ్గాలు కెవిన్ కార్మనీకి అప్పగించి వేరే వ్యాపారాల వైపు వెళ్లాడు. 2006లో ఫ్రీస్పైర్ పేరుతో ఉచిత కూర్పు పుట్టింది, క్లిక్ ఎన్ రన్ చందా తీసేశారు. మంచి పనులే, నాలుగేళ్లు ఆలస్యంగా. ఉచితంగా, శుభ్రంగా, అందరినీ ఆప్యాయంగా పిలిచే ఉబుంటు అనే లినక్స్ 2004 నుంచే ఆ చోటులో కూర్చుని ఉంది. చివరికి ఫ్రీస్పైరే ఉబుంటు మీద ఆధారపడి కట్టుకోవలసి వచ్చింది. 2007 జూన్‌లో లిన్‌స్పైర్ మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం చేసుకుంది. పేటెంట్ల పేరుతో మీ ఖాతాదారులపై దావా వేయం అన్న భరోసా, మైక్రోసాఫ్ట్ అక్షరరూపాలు, వీడియోలు ఆడించే కోడెక్‌లు, పత్రాల మార్పిడి సాధనాలు అందులో ఉన్నాయి. మొదటి మాటలోని ముక్కలే అవి. సొంతంగా సంపాదించుకుంటామన్నవాటిని, ఆరేళ్ల తర్వాత మైక్రోసాఫ్ట్ గుమ్మంలోనే నిలబడి అడిగి తీసుకున్నారు. జూలై ముగిసేలోగా కార్మనీ రాజీనామా చేశాడు.

మరుసటి ఏడు లిన్‌స్పైర్‌ని కొన్నవాళ్లెవరో చూడండి. 1999లో కోరెల్ కంపెనీ సొంత లినక్స్ తెచ్చి, వైన్ సాయంతో తన రాతపని ప్రోగ్రామ్ వర్డ్‌పర్‌ఫెక్ట్‌ని అందులో నడిపించాలని కలగన్నది. 2000 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ కోరెల్‌లో 13.5 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టింది. మరుసటి ఏడు కోరెల్ తన లినక్స్ విభాగాన్ని వదిలించుకుంది. అలా విడిపోయిన విభాగం నుంచి పుట్టిందే జాండ్రోస్. ఇదే మాట ఇచ్చి అలసిపోయిన ఒక ఇల్లు, ఇదే మాట ఇచ్చి అలసిపోయిన మరో ఇంటిని కొనుక్కుంది. తర్వాత జాండ్రోస్ కూడా కనుమరుగైంది.

ఆ 2008 వేసవిలో ఇంకేం జరిగాయో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. జూన్ 17న, పదిహేనేళ్ల శ్రమ తర్వాత, వైన్ తన 1.0 కూర్పుని విడుదల చేసింది. జూలై మొదట్లో లిన్‌స్పైర్ అమ్మకం బయటపడింది. జూలై 10న ఆపిల్ యాప్ స్టోర్ తెరుచుకుంది, ఒక్కసారి నొక్కి ప్రోగ్రామ్ వేసుకోవడం కోట్లమందికి కొత్త సంగతిగా తెలిసింది. ముందటి ఏడు అక్టోబరులో వచ్చిన ఆసుస్ ఈ పీసీ, కొద్ది డబ్బుకి దొరికే బుల్లి లినక్స్ కంప్యూటర్‌ని జనం ఎగబడి కొంటారని అప్పటికే చూపించింది. చవక పెట్టె, ఒక్క నొక్కుతో ప్రోగ్రాములు, విండోస్ పలుకుని పలకగల లినక్స్. లిండోస్ కన్న మూడు కలలూ ఒక్క ఏడాదిలోపు నిజమయ్యాయి, అది కళ్లు మూసుకుంటున్న ఏడాదిలోనే.

ఆ తర్వాత మొదటి మాట కూడా నిలబడింది. 2018లో వాల్వ్ అనే ఆటల కంపెనీ, కోడ్‌వీవర్స్ మనుషులతో కలిసి వైన్ ఆధారంగా ప్రోటాన్ అనే సాధనాన్ని తయారుచేసింది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి యంత్రం లోపల ఉన్నది లినక్స్. దాని మీద ప్రోటాన్ సాయంతో విండోస్ కోసం రాసిన ఆటలు వేలకొద్దీ నడుస్తున్నాయి. ఆడే పిల్లల్లో చాలామందికి లోపల విండోస్ లేదన్న సంగతే పట్టదు. అంటే ఆ మాట అసాధ్యమైనది కాదు. ఓర్పు కోరింది, అంతే.

లిండోస్‌కి పట్టుదల లేదని ఎవరూ అనలేరు. అదే ఈ గాథలో మరీ బాధపెట్టే సంగతి. పేరు వదులుకోమంటే రెండేళ్ల ఏడు నెలలు దేశదేశాల కోర్టుల్లో నిలబడి కొట్లాడింది. ప్రోగ్రాములు నడవడం లేదంటే కొన్ని నెలలకే సరేనంది. ఆ రెండు పట్లూ తారుమారై ఉంటే గెలిచేదని చెప్పలేం. 2002 మార్చి నాటికి వైన్‌కి ఇంకా ఆరేళ్ల పని మిగిలే ఉంది, అంతకాలం ఏ కంపెనీ ఖజానా ఆగుతుంది? ఓడిపోయేదే కావచ్చు. కానీ ఓడినా, తాను పుట్టింది దేనికోసమో దానికోసమే ఓడి ఉండేది. దాని పని వైన్‌లో కలిసి, పేరు ఎక్కడా లేకపోయినా, 199 డాలర్ల పెట్టె కొన్న ఆ తల్లికి ఇచ్చిన మాటలో కొంతైనా చెల్లి ఉండేది.